వాకిట్లో గీసిన చెట్టు

భీమక్కతో నా పరిచయం తిట్లతో మొదలైంది. తిట్లు నాకు కాదు, మా జీపు డ్రైవరుకు. రెండువేల నాలుగు ఎండాకాలంలో, సారపాక దాటకముందే రోడ్డు దిగి అడవిలోకి తిరిగి, రేగులగుంపు అనే కోయగూడేనికి మొదటిసారి వెళ్ళాం. వేపచెట్టు నీడ కనిపించింది కదా అని మావాడు జీపును నేరుగా ఒకావిడ ఆరబోసుకున్న ఇప్పపువ్వు మీదికి ఎక్కించాడు.

"కండ్లు నెత్తికెక్కినయా ఏంది? పువ్వు మీద ఎక్కించినవ్, ఇగ నా మీద గూడ ఎక్కియ్యి" అంటూ ఆమె చీపురుతో సహా వచ్చి జీపు ముందు నిలబడింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం వాగు అవతలి తండాకు కూడా వినబడుతుంది. డ్రైవరు బండిని వెనక్కి తీసి, దిగి, చక్రాల కింద నలిగిన పువ్వును చేత్తో ఏరి ఇచ్చేదాకా ఆ చీపురు దిగలేదు.

తిట్టడం అయిపోయాక అదే నోటితో "నీళ్ళు తాగుతరా" అని అడిగింది. చెంబు నా చేతికిస్తూ, "నిమ్మళంగ తాగు బిడ్డా. చెలమ నీళ్ళు. తెల్లారినకాంచి కూసుంటే ఒక్క బిందె ఊరింది" అంది. వాగు ఎండిపోయాక ఇసుకలో తవ్వుకునే గుంటే చెలమ. అందులో నీళ్ళు ఊరేదాకా ఆడవాళ్ళు చుట్టూ బిందెలు పెట్టుకుని కూర్చోవాలి. అంత కష్టపడి తెచ్చుకున్న బిందెలోంచి, తన పువ్వు తొక్కినవాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆమె మీద నాకు ఇష్టం అక్కడే పుట్టింది, ఇప్పటికీ తగ్గలేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది తల్లాడ. పేరు దీవెన. ఖమ్మంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. గుట్ట మీద పడిన వాన వాగులోకి, వాగు నుంచి గోదావరిలోకి పరుగెత్తకుండా ఎక్కడెక్కడ ఆపాలో ఊరివాళ్ళే కూర్చుని తేల్చుకోవాలని వాటర్‌షెడ్ పథకం చెప్పేది. ఊరివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించడం నా ఉద్యోగం. మాట్లాడించడానికి భీమక్క దగ్గర నా అవసరమేమీ లేదు, ఆపడానికే మనిషి కావాలి.

ఆమె భర్త గోపాలు ఇల్లరికం వచ్చినవాడు. కూలికి జామాయిల్ చెట్లు కొట్టడానికి పోతాడు, ఇంట్లో ఉంటే బుట్టలు అల్లుతాడు, మాట్లాడాల్సి వస్తే దగ్గుతాడు. ఒక్కతే కూతురు కళావతి. పక్క గూడెంలో ఇచ్చారు. భీమక్క తమ్ముడు పగిడయ్య ఇల్లు ఎదురుగానే ఉంటుంది. తల్లి పోయేముందు చేను పగిడయ్యకు, ఇప్పచెట్టు భీమక్కకు ఇచ్చింది. ఆ ఇంట్లో అది తరతరాల రివాజు. ఇప్పచెట్టు అడవిలో ఉన్నా అది ఏ ఇంటిదో గూడెమంతా ఎరుగుదురు. ఒకరి చెట్టు కింద మరొకరు పువ్వు ఏరరు.

"చేను కొడుక్కి, చెట్టు బిడ్డకి. మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. నాకు మా అమ్మ ఇచ్చింది. నా ఎనక మా కళావతికి" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. నాకైతే కలిసినప్పుడల్లా చెప్పేది.

ఆ ఏడు సారపాక వైపు కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, కొత్త బోర్లు పడుతున్నాయి. అడవి అంచు గూడేల్లో మాత్రం చెలమలు ఏటేటా లోతుకు పోతున్నాయి. అందుకే కమిటీ వేయాలనగానే గూడెమంతా భీమక్కనే అధ్యక్షురాలిని చేసింది. కుంట కావాలని కనిపించిన ప్రతి ఆఫీసరునూ నిలబెట్టి అడిగింది ఆమె ఒక్కతే.

పంటలు ఇంటికి వచ్చాక ఊరి పటం గీయించాం. కాగితం మీద కాదు, నేల మీద. భీమక్క తన వాకిలి అలికి ఇచ్చింది. ముగ్గుపిండితో వాగు, ఇటుకపొడితో దారి, బొగ్గుపొడితో గుట్టలు గీశారు. ఇళ్ళకు గులకరాళ్ళు, చెట్లకు ఆకులు, చేలకు గింజలు పెట్టారు. ఎవరిది వాళ్ళే పెట్టాలన్నాను. నిశ్శబ్దంగా మొదలైన పని కాసేపట్లో సంత అయింది. ఈలోగా ఒక కోడిపెట్ట వచ్చి పగిడయ్య మొక్కజొన్న చేను మొత్తం తినేసింది. పగిడయ్య నష్టపరిహారం కావాలన్నాడు. పెట్ట భీమక్కది.

అవతలి ఒడ్డున ఉన్న రూప్‌సింగ్ తండాకు కూడా కబురు చేశాం. బద్యా ఒక్కడే వచ్చాడు. అతనికీ భీమక్కకూ ఎప్పుడూ మేకల పంచాయితీ. బద్యా మేకలు ఆమె చిక్కుడు పాదు తింటాయి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కిందికి వచ్చి పువ్వు తింటాయి, ఆమె మేకలతో పాటు బద్యానూ రాళ్ళతో కొడుతుంది. అతను వాకిలి చివర నిలబడి, వాగు పక్కన తన చేనుకు గుప్పెడు కందులు పోసి వెళ్ళిపోయాడు.

మా ఇంజనీరు బాలకృష్ణ ఆ పటాన్ని శ్రద్ధగా కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. మంచివాడు. రెండు గుట్టలు దగ్గరపడే చోట, వాగుకు అడ్డంగా కట్ట వేస్తే కుంట నిండుతుందని, చెలమలకు ఊట దిగుతుందని లెక్క వేశాడు. ఒకసారి వెళ్ళి చూసి కూడా వచ్చాడు. అక్కడ ఇప్పచెట్లున్నాయి. పటంలో గూడెంవాళ్ళ చెట్లన్నీ ఇళ్ళ పక్కనే ఉన్నాయి కాబట్టి, వాగు ఒడ్డువి ఎవరివీ కావనుకున్నాడు. ప్లాను ఖమ్మం వెళ్ళింది. ఆమోదమై వచ్చింది.

ఫిబ్రవరిలో సున్నంతో గీత గీయడానికి పోయాం. గూడెం నుంచి చాలామంది వచ్చారు. ముందు భీమక్క నడిచింది, పెళ్ళికి పోతున్నట్టు తలకు నూనె పెట్టుకుని. బాలకృష్ణ ఒక గుట్ట నుంచి గీత మొదలుపెట్టి, నడిచి నడిచి, ఒక పెద్ద ఇప్పచెట్టు దగ్గరికొచ్చి, దాని మొదలు మీద సున్నంతో అడ్డంగా గీసి ముందుకు పోబోయాడు. భీమక్క అతని చేయి పట్టుకుంది.

"సారూ, గది మా ఇంటి చెట్టు."

"మీ చెట్టు మీ వాకిట్లో ఉంది కదమ్మా. పటంలో మీరే పెట్టారు" అన్నాడు బాలకృష్ణ, సంచిలోంచి కాగితం తీస్తూ.

"వాకిట్ల యాప ఉన్నది. ఇప్పచెట్టు గిదే. మా ఇంటిది గద, అందుకే ఇంటికాడ పెట్టిన."

నేను పటం చూశాను. పగిడయ్య ఇంటి పక్కన అతని భార్య చెట్లకు మూడు ఆకులు, మిగతా ఇళ్ళ పక్కన కూడా ఆకులే. నాకు విషయం అప్పుడు వెలిగింది. చెట్టు ఏ ఇంటిదైతే ఆ ఇంటి పక్కనే పెట్టారు. ఎవరిది వాళ్ళు పెట్టండి అన్నాను, పెట్టారు. అది ఎక్కడుందని మేము అడగలేదు, ఎక్కడుందో గూడెంలో తెలియనివాళ్ళు లేరు కాబట్టి వాళ్ళూ చెప్పలేదు. ఆ గుట్టల సందులో కట్ట పడుతుందని భీమక్కకు ముందే తెలుసు. "చెట్టు నాదని పటంల పెట్టిన గద. సారు దాన్ని ముట్టడనుకున్న" అంది. ఎవరిని తిట్టాలో తెలియక ఆమె మొదటిసారి ఊరికే నిలబడింది.

మిగతావాళ్ళ చెట్లు ఒడ్డుకు పైన ఉన్నాయి, వాటికి ప్రమాదం లేదు. కట్ట పునాదిలోకి వచ్చేది భీమక్క చెట్టొక్కటే. వేరు ఉంచితే కట్ట నిలవదు. బాలకృష్ణ ఆ రోజంతా ఎండలో పైకీ కిందికీ కొలిచాడు. కిందికి జరిపితే వాగు వెడల్పు ఎక్కువ, ఆ డబ్బుతో కట్ట కాదు. పైకి జరిపితే కుదురుతుంది, కానీ నీళ్ళు నిండితే బద్యా చేను మునుగుతుంది. బద్యాకు ఉన్నది ఆ చేనొక్కటే.

చెట్టా, చేనా? నాలుగు రోజుల తర్వాత మీటింగ్ పెట్టాం. బద్యా, అతని భార్య గోరి వచ్చి చివర కూర్చున్నారు. గూడెం మగవాళ్ళకు పెద్ద ఇబ్బందేమీ అనిపించలేదు. "తండావోళ్ళ చేను గదా పొయ్యేది. మనకెందుకు గుబులు? పైకే జరుపుండ్రి సారు" అన్నాడు పగిడయ్య. అవ్, అవ్ అని తలలూగాయి. అందరూ భీమక్క వైపు చూశారు. మేకల పగ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. పైగా కమిటీ అధ్యక్షురాలు. ఆమె ఊ అంటే చాలు.

"సంత రోజు చెప్త" అని లేచిపోయింది భీమక్క.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బద్యా చేనుకు పోయింది. ఎందుకని అడిగితే, "మునిగేదాన్ని చూడొద్దా" అంది. గోరి ఒక్కతే కంది కాయ తెంపుతోంది. మమ్మల్ని చూసి పని ఆపలేదు.

"చూస్తానికి వచ్చినవా అక్కా. మంచిగ చూడు. వచ్చే ఏడు ఉంటదో లేదో" అంది.

భీమక్క చేను గట్టు మీద కూర్చుంది. "ఇది పోతే ఏం చేస్తరు?" అని అడిగింది.

"ఏం చేస్తం. మిర్చి ఏర వలస పోతం. తిరిగొచ్చినప్పుడు గుడిసె ఉంటే ఉంటది." గోరి మళ్ళీ కాయ తెంపడంలో పడింది. మేము లేచేటప్పుడు మాత్రం కొంగు నిండా కంది కాయ తెచ్చి భీమక్క ఒళ్ళో పోసింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆమెకు తెలియదు, ఆ మనిషి ఎందుకొచ్చినా సరే.

వచ్చే దారిలో భీమక్క తన చెట్టు దగ్గర ఆగింది. మొదలు మీది సున్నం గీతను కొంగుతో తుడవబోయింది. పోలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం చెట్టును నాలుగు తిట్టింది, నడి సందులో మొలవకపోతే నీకు వేరే చోటు దొరకలేదా అని.

తర్వాత నాతో అంది: "చేను పోతే గోరి ఊరిడిసి పోతది. చెట్టు పోతే నేనైతే యాడికి పోను గద బిడ్డా."

సంత రోజు అదే మాట మీటింగులో చెప్పింది. గూడెం మొత్తం గగ్గోలు పెట్టింది. పగిడయ్య లేచి, అమ్మ ఇచ్చిన చెట్టు తీసే హక్కు నీకెవరిచ్చారని గట్టిగానే అడిగాడు. "అమ్మనే ఇచ్చింది. నాకిచ్చింది, నీకు గాదు" అంది భీమక్క. తర్వాత బద్యా వైపు తిరిగి, "సంబురపడకు. నీ మేకలను మాత్రం కట్టేసుకో" అంది. చివరికి బాలకృష్ణకు షరతు పెట్టింది. పువ్వు రాలడం అయిపోయాకే పని మొదలుపెట్టాలి. అంతవరకు ఎవడన్నా గొడ్డలి తెస్తే వాడి కాళ్ళు విరుగుతాయి.

మార్చి నెలాఖరులోగా పని చూపించాలని పైనుంచి ఒత్తిడి. ఇప్పచెట్టు పూత కోసం ప్రభుత్వం పని ఆగుతుందా అని ఖమ్మంలో ఒకాయన నవ్వాడట. బాలకృష్ణ ఆ నవ్వును భరించి, నాలుగుసార్లు తిరిగి, మే నెల దాకా గడువు తెచ్చాడు. అందుకే అతను మంచివాడని ముందే చెప్పాను.

ఆ ఏడు పువ్వుకు కళావతి ఎప్పటిలా పుట్టింటికి వచ్చింది. సంగతి తెలిసి అన్నం తినలేదు. "నా ఎనక నీకు, నా ఎనక నీకు అని చిన్నప్పటిసంది చెప్పినవ్. నాకొక్క మాట చెప్పకుంటనే ఇచ్చినవా అమ్మా?"

"నీకింకేమన్న ఇస్త."

"ఏమున్నది నీ కాడ ఇయ్యనీకి?"

నిజంగానే భీమక్క దగ్గర ఇంకేమీ లేదు. పుల్లలతో అల్లిన ఇల్లు, బిందెలు, కోళ్ళు, అంతే. అమ్మ నుంచి బిడ్డకు దిగాల్సింది తన చేతిలో తెగిపోయిందని ఆమె ఆ రోజంతా గోపాలుతో కూడా మాట్లాడలేదు. గోపాలు దగ్గుతూ తిరిగాడు.

అయినా తల్లీకూతుళ్ళు పువ్వు ఏరడం మానలేదు. చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి, తగలబెట్టి, నేల శుభ్రం చేసి, తెల్లవారేసరికి గంపలతో చేరేవారు. అది చివరి పూత అని చెట్టుకు తెలిసిందేమో, విరగపూసిందని గూడెంలో అనుకున్నారు. నాకు అలాంటి నమ్మకాలు లేవు కానీ ఆ మాటకు అడ్డం చెప్పలేదు. ఒక పొద్దున నేనూ వెళ్ళాను. బద్యా మేకలు వచ్చి ఆ పక్కగా పువ్వు తింటున్నాయి. భీమక్క చేతికందేంత దూరంలో రాళ్ళున్నాయి. చూసి ఊరుకుంది.

మే నెలలో కొట్టేశారు. ముందు పసుపు, కుంకుమ పెట్టి కోడిని కోసింది భీమక్క. పగిడయ్య చేను తిన్న పెట్ట అదేనా అని అడగబోయి మానుకున్నాను. గొడ్డలి పట్టమంటే గోపాలు దగ్గలేదు, నోరు తెరిచి మాట్లాడాడు. "కూలికి మస్తు చెట్లు కొట్టిన. దీన్ని కొట్ట." చివరికి పగిడయ్యే కొట్టాడు, ముక్కు చీదుకుంటూ. తండా చేను ముంచమన్న మనిషి ఆ రోజు బద్యాతో కలిసి కొమ్మలు మోశాడు. మొదలు మాత్రం ఎవరూ పొయ్యిలోకి తీసుకుపోలేదు. కట్ట అయ్యాక దాని పక్కన దొర్లించి ఉంచారు, కూర్చోవడానికి.

కట్ట పనికి గూడెమూ తండా కలిసి వచ్చాయి. గుట్టల మీద వాన నీటికి కందకాలు తవ్వారు. ఆ వానాకాలం కుంట నిండి అలుగు పారింది. మరుసటి ఎండాకాలం చెలమ లోతుకు పోలేదు. చెలమ చుట్టూ కూర్చునే పని పూర్తిగా తప్పిందని చెప్పను, పొద్దంతా కూర్చునే పని మాత్రం తప్పింది. కళావతి పువ్వు రోజులకు ఆ ఏడు రాలేదు. రావడానికి పువ్వు లేదు. భీమక్క సాయంత్రాలు పోయి ఆ మొద్దు మీద కూర్చునేది. ఏమక్కా అంటే, "నీళ్ళు జూస్తున్న" అనేది.

ఇంకో ఏడాది గడిచాక పని ఫలితం చూడటానికి హైదరాబాదు నుంచి నిర్మలాదేవి అనే అధికారిణి వచ్చింది. మళ్ళీ పటం గీయాలి. మళ్ళీ భీమక్క వాకిలే. కళావతిని కూడా పిలిపించాం. ఈసారి తండా మొత్తం వచ్చింది, గోరి అందరికంటే ముందు వచ్చి నేల అలికింది. నేను మాత్రం ఈసారి గట్టిగా చెప్పాను. "ఎవరిదన్నది తర్వాత. ఏది ఎక్కడుందో అక్కడే పెట్టండి." పొరపాటు మళ్ళీ జరిగితే నా పరువు పోతుందని భయం.

బుద్ధిగా పెట్టారు. ఇప్పచెట్ల ఆకులన్నీ ఇళ్ళు వదిలి వాగు ఒడ్డుకు పోయాయి. పగిడయ్య తన మూడు ఆకులను అడుగులు కొలిచినంత జాగ్రత్తగా పెట్టి, నా వైపు గర్వంగా చూశాడు. గుట్టలు, కందకాలు, బద్యా చేను, అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. కుంట ఒక్కటి మిగిలింది. గోరి దోసిలి నిండా నీలం రంగు పొడి తీసుకుని లేచింది. వాగు దాకా పోలేదు. భీమక్క ఇంటి గులకరాయి పక్కన కూర్చుని, దాని వాకిట్లో గుండ్రంగా కుంట పోసింది.

నిర్మలాదేవి పటంలోకి చూసి, "కుంట ఊరికి అవతల, వాగు దగ్గర కదా. నేను ఇప్పుడే చూసి వచ్చాను" అంది.

"అవ్ మేడం. ఉన్నది ఆడనే" అంది గోరి.

"మరి ఇక్కడ ఎందుకు పెట్టావు?"

"గీ ఇంటిది గద." గోరి చేతులు దులుపుకుంది. "భీమక్కది. ఆమె ఎనక కళావతిది."

నేను పగిడయ్య వైపు చూశాను, తర్వాత మిగతా వాళ్ళ వైపు. తప్పని ఒక్కరూ అనలేదు. కళావతి తల్లి భుజం పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. బాలకృష్ణ కాగితం మీద కుంటను ఎక్కడ వేయాలని కళ్ళతోనే నన్ను అడిగాడు. ఎక్కడుంటే అక్కడే వెయ్యి అన్నాను, పక్కన భీమక్క ఇంటిదని రాసి.

ఇంతలో ఒక కోడిపెట్ట పటం మీదికి నడిచి వచ్చింది, నీలం పొడి వైపే. భీమక్క గబుక్కున లేచి, దాన్ని అదిలించి, తిరిగి వచ్చి కుంట పక్కనే కూర్చుంది.